బిడియము – తెనాలి సీమలో దాని కథ

రేపల్లె నుండి తెనాలికి పోవు ఉదయపు రైలుబండిలో పదహారేండ్ల బాలుడొకడు కిటికీ ప్రక్కన కూర్చుండి యున్నాడనుకొందము. అతడు తెనాలిలో ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. లెక్కలలో దిట్ట. ఎదుటి బల్లపై కూర్చున్న బాలిక అదే తరగతి విద్యార్థిని. "రేపటి పరీక్షకు ఎన్ని పాఠాలున్నాయి?" అని ఆమె అడుగును. ప్రశ్న సులభము. సమాధానము అతనికి తెలిసినదే. కాని నోరు తడి ఆరిపోవును, ముఖము వేడెక్కును, గుండె దడదడ కొట్టుకొనును. ఏదో గొణిగి వరిచేల వంక చూచును. ఆమె తన పుస్తకము తెరచుకొనును. బండి దిగిన పిమ్మట అతనికి ఒకటి కాదు, పది చక్కని సమాధానములు తోచును. ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఈ బాలుడు కల్పితుడే. కాని ఇట్టివారు ప్రతి తరగతిలోను ఉందురు. బాలికలలోను ఉందురు. వీరిని గూర్చి పెద్దలు సాధారణముగా రెండు మాటలు చెప్పుదురు. "వాడి స్వభావమే అంత" అని కొందరు, "పెద్దయితే అదే పోతుంది" అని మరికొందరు. రెండు మాటలలోను కొంత నిజమున్నది. కాని రెంటిలో ఏదియు ఆ బాలునికి సాయము చేయదు.

గడచిన నూటయేబది ఏండ్లలో శాస్త్రజ్ఞులు బిడియమును గూర్చి ఏమి తెలిసికొన్నారు? ఇంచుమించు అదే కాలములో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు యువకులు నలుగురిలో నోరు విప్పుట ఎట్లు నేర్చినారు? ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సత్యము తేటపడును. బిడియము ఉపన్యాసములతో పోదు. ఎగతాళితో అసలే పోదు. తగిన చోటు, తగిన పని, తగినంత అభ్యాసము దొరకినప్పుడు అది తగ్గును.

మాటలలోని తేడా

మన భాషలో సిగ్గు, జంకు, మొగమాటము, బిడియము అను మాటలున్నవి. వీనిని ఒకదానికి బదులు మరొకటి వాడుచుందుము గాని, వీని మధ్య తేడా కలదు. తప్పు చేసి పట్టుబడినవానికి కలుగునది సిగ్గు. పై అధికారి ఎదుట వెనుకాడుట జంకు. ఎదుటివారిని నొప్పింపలేక, కాదనలేక ఒప్పుకొనుట మొగమాటము. మాటాడవలెనను కోరిక లోపల ఉండియు, వారేమనుకొందురో అను శంకచేత వెనుదీయుట బిడియము.

బిడియములో ఈ రెండు భాగములును ఉండవలెను. ఒకటి కోరిక, రెండవది శంక. కోరిక లేక, పుస్తకముతోనో తోటపనితోనో సుఖముగా కాలము గడపువాడు ఏకాంతప్రియుడు. అది లోపము కాదు. అతనిని బలవంతముగా గుంపులోనికి నెట్టనక్కరలేదు. మనకు కావలసినది కోరిక ఉండియు అడుగు పడనివాని సంగతి.

డార్విన్ పరిశీలన

ఈ విషయమును శాస్త్రదృష్టితో చూచిన తొలివారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. మనుష్యులలోను, జంతువులలోను భావములు పైకి ఎట్లు కనబడునో వివరించు గ్రంథమును ఆయన 1872లో ప్రకటించినాడు. అందు ముఖము ఎర్రబారుటను గూర్చి ఒక అధ్యాయము ప్రత్యేకముగా కలదు. అందుకై ఆయన పలు దేశములలోని వారికి ప్రశ్నలు పంపి సమాధానములు తెప్పించుకొన్నాడు. భావములన్నింటిలోను ముఖము ఎర్రబారుట మనుష్యునికే ప్రత్యేకమైనదని ఆయన తలచినాడు. పసిపిల్లలకు అది కలుగదనియు, పెద్దవారికన్న పడుచువారికి ఎక్కువగా కలుగుననియు, చూపు లేనివారికి సైతము కలుగుననియు ఆయన గుర్తించినాడు. దీనినిబట్టి ఆయన తేల్చినది యేమనగా, మనము మన రూపమును గూర్చి తలచుటచేత కాదు, ఇతరులు మనలను గూర్చి ఏమి తలచుచున్నారో అని తలచుటచేతనే ముఖము ఎర్రబారును.

ఇది గొప్ప పరిశీలన. పసిబిడ్డకు బిడియము ఎందుకు లేదు? ఇతరుల మనస్సులో తన చిత్రమొకటి ఉన్నదని ఆ బిడ్డకు ఇంకను తెలియదు గనుక. యౌవనారంభమున ఎందుకు పెరుగును? ఆ చిత్రమును గూర్చిన చింత అప్పుడే బలపడును గనుక. 1903లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియేర్ జానే నలుగురి ఎదుట పనిచేయుటకు కలుగు భయమును ఒక ప్రత్యేక వర్గముగా పేర్కొన్నాడు. 1904లో అమెరికాలో స్టాన్లీ హాల్ కౌమారదశను గూర్చి రెండు పెద్ద సంపుటములు ప్రకటించినాడు. బాల్యమునకును, పెద్దతనమునకును నడుమ ప్రత్యేకమైన దశ యొకటి కలదను భావము విద్యావంతులలో వ్యాపించుటకు ఆ గ్రంథము తోడ్పడినది.

కౌమారము లేని కాలము

సరిగా ఆ రోజులలోనే, 1909లో, తెనాలిలో కొడవటిగంటి కుటుంబరావు జన్మించినారు. తరువాత వారు భౌతికశాస్త్రము చదివి, కథకులుగా, వ్యాసకర్తగా ప్రసిద్ధి కెక్కినారు. 1952 నుండి 1980 వరకు 'చందమామ' సంపాదకత్వము నిర్వహించినారు. వారి వివాహము 1921లో, పదకొండవ యేట జరిగినది. నాటి కుటుంబములలో ఇది వింత కాదు.

ఇట్టి సంఘములో ఒక బాలుడు ఒక బాలికతో పరిచయము చేసికొని మాటాడవలసిన అవసరమే రాదు. వధువును పెద్దలు వెదకుదురు. మాటలు పెద్దలు మాటాడుదురు. వివాహమైన పిమ్మట కూడ పెద్దల ఎదుట భార్యాభర్తలు మాటాడుకొనుట మర్యాద కాదు. అంతమాత్రమున నాటివారికి బిడియము లేదని తలచరాదు. దానిని పరీక్షకు పెట్టు సందర్భములే తక్కువ.

ఈ స్థితిని మార్చినవి మూడు. మొదటిది చట్టము. బాల్యవివాహ నిరోధక చట్టము 1929లో ప్యాసై 1930 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ఆనాడు బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు కనీస వయస్సుగా నిర్ణయింపబడినది. 1978లో ఇది 18, 21 ఏండ్లకు పెరిగినది. రెండవది చదువు. మూడవది ప్రయాణ సౌకర్యము. 1916లో తెనాలి, రేపల్లె మధ్య రైలుమార్గము ఏర్పడి కృష్ణానది ఒడ్డున నున్న పల్లెలకు తెనాలి దగ్గరైనది. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడి దూరప్రాంతముల యువకులను అక్కడికి రప్పించినది. ఇట్లు వివాహమునకు ముందు ఆరేడు ఏండ్ల ఖాళీ కాలము పుట్టినది. ఆ కాలములో బాలబాలికలు ఒకే బండిలో పోవుదురు, ఒకే గదిలో కూర్చుందురు. కాని ఎట్లు మాటాడుకొనవలెనో నేర్పు ఆచారము మాత్రము వెంటనే పుట్టలేదు.

తెర వెనుక పాఠశాల

మాటాడుట నేర్పిన చోటు ఒకటి మాత్రము ఈ ప్రాంతములో లేకపోలేదు. అది నాటకశాల. తెనాలి నాటకములకు పేరొందిన పట్టణము. అచ్చటి శ్రీరామ విలాస సభ ఆంధ్రదేశమంతట కీర్తి గడించినది. ఆ సభలో వెలిగిన స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో జన్మించినారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసినప్పుడు చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకై స్థానం వారు ఆ వేషము కట్టినారు. అటుపై మూడు దశాబ్దములకు పైగా సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార మున్నగు స్త్రీ పాత్రలలో వారికి సాటి లేరనిపించుకొన్నారు. 1956లో వారికి పద్మశ్రీ బిరుదము లభించినది.

అందరును స్థానం వారు కాలేరు. కాని ఊరూర నున్న నాటక సమాజములు వేలకొలది సామాన్య యువకులకు ఏమి నేర్పగలిగినవో ఆలోచింపదగినది. సమాజములో చేరిన బిడియస్థుడు మొదట తెర లాగును, దీపములు సర్దును. తరువాత ద్వారపాలకుడై రెండు మాటలు చెప్పును. మరుసటి ఏడు చిన్న పాత్ర దొరకును. చెప్పవలసిన మాటలు ముందే చేతిలో ఉండును. తెలిసినవారి మధ్య రాత్రులు సాధన జరుగును. తప్పు చెప్పినచో మరల చెప్పించెదరు, అంతే. అన్నింటికన్న ముఖ్యమైనది యేమనగా, రంగముపై అతని దృష్టి తన చేతులు, తన గొంతు, తన ముఖములపై నుండి తొలగి పాత్రపైకి, ఎదుటి నటుని మాటపైకి పోవును.

ఈ పద్ధతిని ఎవరును చికిత్స అనలేదు. కాని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగములతో తెలిసికొనిన సూత్రములన్నియు ఇందు కలవు. ఇదే విధముగా 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము, 1918లో వేటపాలెములో వెలసిన సారస్వత నికేతనము వంటి సంస్థలు యువకులు కూడి చదువుటకు, చర్చించుటకు చోటు కల్పించినవి.

అయితే ఇందులో పెద్ద లోపమొకటి ఉన్నది. స్థానం వారి ప్రతిభ ఎంత గొప్పదైనను, సత్యభామ వేషము ఒక పురుషుడు కట్టవలసి వచ్చుటకు కారణమేమి? కుటుంబ స్త్రీలు రంగమెక్కుటను సంఘము అంగీకరింపకపోవుట. బాలురకు మాటాడుట నేర్పిన ఆ పాఠశాలలో బాలికలకు ప్రవేశము లేదు. కనుక యువకుడు వేయిమంది ఎదుట జంకు లేక పద్యము పాడగలిగియు, ప్రక్కయింటి చదువుకొన్న యువతితో నాలుగు మాటలు మాటాడలేకపోవచ్చును. అభ్యాసము ఏ పనిలో జరుగునో ఆ పనిలోనే ధైర్యము ముందుగా వచ్చును. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి.

తెనాలి ఆలోచనాపరులు

స్త్రీ పురుషుల నడుమ మాట పెగలకపోవుటను గూర్చి మథనపడిన వారిలో పలువురికి తెనాలితో సంబంధముండుట గమనింపదగినది. చలము 1894లో మద్రాసులో జన్మించి, మాతామహులకు దత్తత పోయి, తెనాలిలో పెరిగినారు. ఉపాధ్యాయులుగా, పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన ఆయన 'బిడ్డల శిక్షణ' అను పుస్తకము వ్రాసి, బిడ్డలను భయపెట్టి పెంచుటను తీవ్రముగా ఖండించినారు. ఆయన భావములన్నింటిని అంగీకరింపని వారు సైతము, భయములో పెరిగిన బిడ్డకు నోరు పెగలదను మాటను కాదనలేరు.

కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో 'సూతాశ్రమము' అను గృహములో నివసించినారు. వధూవరులకు అర్థమగునట్లు తెలుగులో వివాహము జరుపుటకై 'వివాహవిధి' రచించినారు. తమ వివాహములో పలుకు మాటలు తమకు తెలియవలెనను కోరిక చిన్నదిగా కనబడవచ్చును. కాని స్త్రీ పురుషులిద్దరు ఒకరితో నొకరు అర్థవంతముగా మాటాడవలెను అనుటకు అది తొలి మెట్టు.

ఆయన కుమారుడు త్రిపురనేని గోపీచంద్ 1940లలో ప్రకటించిన 'అసమర్థుని జీవయాత్ర' తెలుగులో మనస్తత్వమును ప్రధానముగా తీసికొనిన నవలలలో మొదట లెక్కింపదగినది. అందలి సీతారామారావు అనుక్షణము తన్ను తాను తవ్వుకొనును. ఇతరుల ఎదుట తాను ఎట్లు కనబడుచున్నానో అను చింత అతనిని విడువదు. లోనికి చూచి చూచి, బయటి లోకముతో సంబంధము తెంచుకొని, తుదకు నశించును. అతడు కేవలము బిడియస్థుడు కాడు. అయినను, తనపైననే నిలిచిన దృష్టి మనిషిని ఎట్లు తినివేయునో గోపీచంద్ చూపినారు. సుమారు అర్ధ శతాబ్దము తరువాత శాస్త్రజ్ఞులు ఇంచుమించు ఆ మాటనే ప్రయోగముల భాషలో చెప్పవలసియున్నది.

కుందేలు, ఉద్యానవనము

ఇప్పుడు ప్రయోగశాలల వైపు మరలుదము. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను శాస్త్రజ్ఞురాలు పీటర్ అను మూడేండ్ల లోపు బాలుని విషయము ప్రకటించినది. ఆ బాలునికి కుందేలన్న భయము. అతడు ఇష్టముగా తినుచున్న సమయములో కుందేలును పంజరములో దూరముగా ఉంచెడివారు. అతడు ఓర్చుకొన్న కొలది దానిని దగ్గరగా తెచ్చెడివారు. భయపడని ఇతర బాలురను గూడ ప్రక్కన ఆడించెడివారు. తుదకు పీటర్ కుందేలును తాకి ఆడుకొన్నాడు. భయమును వాదముతో కాదు, మెట్లు మెట్లుగా చేరువ చేయుటచేత తగ్గింపవచ్చునని ఇందువలన తెలిసినది. 1958లో జోసెఫ్ వోల్పీ ఇదే భావమును పెద్దలకు వర్తింపజేసి, భయములను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా వ్రాసికొని, మనస్సును శాంతపరచుకొనుచు ఒక్కొక్కదానిని ఎదుర్కొను పద్ధతిని గ్రంథరూపమున వివరించినాడు.

ఈ రెంటికి నడుమ న్యూయార్కులో జరిగిన సంగతి మన విషయమునకు మరింత దగ్గరిది. ఆల్బర్ట్ ఎల్లిస్ తరువాత ప్రసిద్ధ మనస్తత్వ చికిత్సకుడైనాడు. కాని పందొమ్మిదవ యేట స్త్రీలతో మాటాడుటకు మిక్కిలి భయపడువాడు. తనకు తాను ఒక నియమము పెట్టుకొని, నెలపాటు ఒక వృక్షోద్యానవనములోని బల్లలపై ఒంటరిగా కూర్చున్న స్త్రీల ప్రక్కన కూర్చుండి మాటాడుటకు ప్రయత్నించినాడు. ఆయన చెప్పుకొనిన లెక్క ప్రకారము అట్టివారు 130 మంది. వారిలో 30 మంది లేచిపోయినారు. మిగిలిన 100 మందితో మాటాడినాడు. మరల కలియుదుమని ఒప్పుకొన్నది ఒక్కతె. ఆమెయును రాలేదు. ఫలితము చూచినచో ఘోర పరాజయము. కాని ఎవరును కేకలు వేయలేదు, ఆకాశము విరిగి పడలేదు, అతని భయము పోయినది. తిరస్కారము బాధించును గాని చంపదని అతడు అనుభవముచేత తెలిసికొన్నాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఎల్లిస్ చేసిన పనిని మన బజారులలో యథాతథముగా అనుకరింపరాదు. పరిచయము లేని యువతిని వెంబడించి పలుకరించుట ధైర్యము కాదు, ఆమెకు భయము కలిగించు పని. ఎల్లిస్ కథలో నేర్వదగినది సూత్రము మాత్రమే: భయపడు పనిని మరల మరల, అపాయము లేని రీతిలో చేయుట. అందులోను, లేచిపోయిన 30 మందిని అతడు వెంబడింపలేదను సంగతి మరువరాదు.

శాస్త్రము చెప్పిన మూడు సంగతులు

1970లలో స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయములో ఫిలిప్ జింబార్డో బృందము బిడియమును గూర్చి విస్తృతముగా విచారణ జరిపినది. తాము బిడియస్థులమని చెప్పుకొన్నవారు నూటికి సుమారు నలుబది మంది. దీనివలన మొదటి సంగతి తెలిసినది. బిడియస్థుడు తానొక్కడే ఇట్లున్నాననుకొనును. నిజమునకు అతని ప్రక్కనున్న వారిలో పలువురు అదే చింతతో ఉందురు. రైలులో ప్రశ్న అడిగిన బాలిక సైతము అడుగుటకు ముందు పది నిమిషములు తటపటాయించి యుండవచ్చును.

రెండవ సంగతి స్వభావమును గూర్చినది. హార్వర్డులో జెరోమ్ కేగన్ నాలుగు నెలల శిశువులను పరిశీలించినాడు. కొత్త ధ్వనులకు, బొమ్మలకు మిక్కిలి కలత చెంది కాళ్ళు చేతులు కొట్టుకొనువారు నూటికి ఇరువది మంది వరకు ఉందురనియు, వీరు పెరిగి జంకుగల పిల్లలగుటకు ఎక్కువ అవకాశమున్నదనియు చూపినాడు. కనుక "వాడి స్వభావమే అంత" అను మాట పూర్తిగా అబద్ధము కాదు. కాని అట్టి శిశువులలో చాలమంది పెద్దయిన పిమ్మట అతి బిడియస్థులు కాలేదు. పుట్టుక వంపును మాత్రమే ఇచ్చును. నీరు పల్లమునకు పారునట్లు స్వభావము పారును గాని, గట్టు వేసి కాలువ మళ్ళించుట కృష్ణా డెల్టా రైతులకు తెలియని విద్య కాదు.

మూడవ సంగతి అన్నింటికన్న ఉపయోగకరమైనది. 1995లో ఇంగ్లండులో క్లార్క్, వెల్స్ అను శాస్త్రజ్ఞులు సాంఘిక భీతి ఎట్లు నిలిచియుండునో వివరించినారు. బిడియస్థుడు మాటాడునప్పుడు అతని దృష్టి ఎదుటివారిపై నుండదు. తన గొంతు వణకుచున్నదా, ముఖము ఎర్రబారినదా అని లోపలికే చూచుచుండును. తాను అనుభవించు దడ అంతయు ఇతరులకు కనబడుచున్నదని నమ్మును. ఈ నమ్మకము ఎంత తప్పో 2000లో ప్రకటింపబడిన ఒక ప్రయోగము తెలుపుచున్నది. థామస్ గిలోవిచ్ బృందము విద్యార్థులచేత, నలుగురిలో నగుబాటు కలిగించు బొమ్మగల చొక్కా తొడిగించి ఒక గదిలోనికి పంపినది. ఆ గదిలోని వారిలో సగముమంది ఆ బొమ్మను గుర్తించియుందురని తొడిగినవారు తలచినారు. గుర్తించినవారు నాలుగవ వంతు మాత్రమే. 2018లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, కొత్తగా మాటాడుకొన్న ఇద్దరిలో ప్రతివారును, తాను ఎదుటివారికి నిజముగా నచ్చిన దానికన్న తక్కువగా నచ్చితినని తలచినట్లు తేలినది. లోకము మనలను మనము తలచినంతగా చూడదు. చూచినప్పుడు మనము తలచినంత కఠినముగా చూడదు.

నేటి స్థితి

నేడు రేపల్లె, బాపట్ల 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నవి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నది. బాలికలు బాలురతో సమానముగా చదువుచున్నారు. నాటి అడ్డుగోడ చాలవరకు పడిపోయినదనవచ్చును. కాని మరియొక గోడ లేచినది. పలు వసతి కళాశాలలలో బాలురకు, బాలికలకు ప్రాంగణములు వేరు. తెల్లవారినది మొదలు రాత్రివరకు పరీక్షల చదువు. నాటకము, వక్తృత్వము, ఆటలు చదువునకు అడ్డమని తొలగింపబడుచున్నవి. పదునెనిమిదేండ్లకు ఆ విద్యార్థి ఇంజనీరింగు కళాశాలలో అడుగిడి, తోటి విద్యార్థినితో కలసి ప్రయోగము చేయవలసి వచ్చినప్పుడు, అతనికి గల అభ్యాసము సున్న. చేతిలోని ఫోనులో చకచక వ్రాయగలడు గాని, ఎదుట నిలిచి పలుకలేడు.

ఈ శూన్యమును సినిమా నింపుచున్నది. కాదన్న యువతిని నాయకుడు వెంబడించి, విసిగించి, తుదకు మెప్పించు కథలు ఎన్నియో వచ్చినవి. వేరే గురువు లేని బాలుడు ఇదే పద్ధతి యని నమ్మినచో అపాయము. ఒక స్త్రీ అయిష్టము తెలిపిన పిమ్మటను వెంటబడుట 2013 నుండి మన దేశములో ప్రత్యేక నేరము. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను దీనికి సంబంధించినది. పదునెనిమిదేండ్లలోపు వారి రక్షణకై 2012 నాటి పోక్సో చట్టము కలదు. బిడియమునకు మందు మొరటుతనము కాదు. "వద్దు" అను మాటను ఒక్కసారిలో విని గౌరవించువాడే నిజముగా మాటాడుట నేర్చినవాడు.

ఉపాధ్యాయులు చేయదగినది

శాస్త్రమును, నాటక సమాజమును కలిపి చూచినచో ఉపాధ్యాయునికి సులభమైన మార్గమొకటి కనబడును. మొదటిది, బిడియస్థుని అందరిలో నిలబెట్టి "ఏం, నోట్లో నాలుక లేదా?" అని అడుగకుండుట. అది పీటర్ ఒడిలో కుందేలును ఒక్కసారి పడవేయుట వంటిది. రెండవది, అతనికి ముందు పని ఇచ్చుట, మాట తరువాత ఇచ్చుట. ప్రయోగశాలలో పరికరములు పంచుట, హాజరు వ్రాయుట, విజ్ఞాన ప్రదర్శనలో ఒక నమూనాను ముగ్గురికి వివరించుట. చేతిలో పని ఉన్నవానికి తనను గూర్చి తలచుకొను తీరిక తక్కువ.

మూడవది, బాలబాలికలు కలసి చేయు పనులు ఏర్పరచుట. నలుగురేసి జట్లలో ఇద్దరు బాలురు, ఇద్దరు బాలికలుండి, ఊరి చెరువు నీటిని పరీక్షించుటయో, ఒక చిన్న నాటిక ఆడుటయో చేసినచో, మాటాడుటకు కారణము సహజముగా దొరకును. "ఎట్లు మొదలుపెట్టవలెను?" అను ప్రశ్నయే ఉదయింపదు. ఈ పనిని పదిమంది కనుల ఎదుట, పెద్దల ఎరుకలో జరుపుట మంచిది. అందువలన తల్లిదండ్రుల శంకయు తగ్గును.

నాలుగవది, మెట్లు వ్రాసికొనుట విద్యార్థికి నేర్పుట. మొదటి వారము పలుకరించిన వారికి తల యెత్తి బదులు చెప్పుట. రెండవ వారము తానే ఒకరిని ఒక ప్రశ్న అడుగుట. మూడవ వారము వారు చెప్పినదానిపై మరియొక ప్రశ్న అడుగుట. చక్కగా మాటాడవలెనను కోరికకన్న చక్కగా వినవలెనను కోరిక బిడియస్థునికి ఎక్కువ మేలు చేయును. ఎదుటివారి మాటపై దృష్టి నిలిచినప్పుడు తన గుండెదడపై దృష్టి ఉండదు. ఒక మెట్టు విఫలమైనచో దిగువ మెట్టునకు దిగి మరల ఎక్కవలెను. ఇష్టము, స్నేహము, ప్రేమ అనునవి వీనికి పైమెట్లు. క్రింది మెట్లు లేక ఎవరును వానిని చేరజాలరు.

బిడియము కొందరిలో హద్దు మీరి, బడి మానుట, నలుగురిలో తినలేకపోవుట, ఎడతెగని దిగులు వంటి రూపములు తాల్చును. దీనిని సాంఘిక భీతి అందురు. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానము లభించినది. దీనికి మంచి చికిత్స కలదు. అట్టి విద్యార్థిని మందలింపక మనోవైద్యుని వద్దకు పంపవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 నంబరునకు ఎవరైనను ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

తిరిగి రైలులోనికి పోవుదము. ఆ బాలుడు రేపటినుండి గొప్ప వక్త కానక్కరలేదు. ఆమె మరల అడిగినప్పుడు "నాలుగు పాఠాలు" అని చెప్పి, "నువ్వెంతవరకు చదివావు?" అని అడిగిన చాలును. గొంతు వణకినను పరవాలేదు. ఆమెకు అది వినబడకపోవచ్చును. తెనాలి వచ్చులోపల ఇద్దరికిని రెండు లెక్కలు తేలవచ్చును. ఒకనాడు తెర లాగుటతో ఆరంభించి రంగమెక్కిన యువకుల మాదిరి, ఇతడును తన మొదటి మాట చెప్పినవాడగును.